ఒక్క ‘షుగర్’, రెండు వ్యాధులు: గోదావరిఖని బొగ్గుగని సమాజంలో మొదటి రకం మధుమేహం

గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ ప్రాంతాల వాడుకలో మధుమేహానికి ఉన్న పేరు ‘షుగర్’. వ్యాధి వచ్చిందనడానికి ‘షుగర్ వచ్చింది’ అంటారు. మోతాదు పెరిగితే ‘షుగర్ లేసింది’, తగ్గి కళ్లు తిరిగితే ‘షుగర్ డౌనయింది’. యాభై ఏళ్ల డంపర్ ఆపరేటరుకు వచ్చినా, ఎనిమిదేళ్ల బడిపిల్లకు వచ్చినా మాట ఒక్కటే. వైద్యశాస్త్రం మాత్రం ఈ రెండింటినీ వేర్వేరు వ్యాధులుగా చూస్తుంది. మొదటి దానిలో శరీరంలో ఇన్సులిన్ ఉంటుంది కాని సరిగా పనిచేయదు, క్రమంగా తగ్గుతుంది. రెండో దానిలో శరీరపు రక్షణ వ్యవస్థే క్లోమగ్రంథిలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ దాదాపు ఉండదు. ఆ పిల్లకు బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో ప్రాణాపాయం. ఈ తేడా ఒక మాట చాటున ఎట్లా మరుగున పడింది, ఆ మరుగు గని సమాజంలో ఎటువంటి ఫలితాలనిచ్చింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

పేర్ల చరిత్ర

తెలుగులో ఈ వ్యాధికి పేర్లు లేక కాదు. ‘మధుమేహం’, ‘ప్రమేహం’, ‘అతిమూత్రం’, ‘చక్కెర వ్యాధి’ అన్నీ ఉన్నాయి. ఆయుర్వేదం ప్రమేహాలను ఇరవైగా లెక్కించింది: కఫజాలు పది, పిత్తజాలు ఆరు, వాతజాలు నాలుగు. మధుమేహం వాతజాల్లో ఒకటి. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని ప్రాచీన వైద్యులు లక్షణంగా గుర్తించారు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 11వ అధ్యాయం ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేదిగా, అపథ్యం వల్ల వచ్చేదిగా రెండుగా విభజించింది. మొదటి దాని రోగి కృశించి, తక్కువ తిని, ఎక్కువ దప్పిక పడతాడు. రెండో దాని రోగి స్థూలకాయుడు, బాగా తినేవాడు, మంచం వదలనివాడు. చికిత్స కూడా వేరువేరు: కృశించినవాడికి పోషణ, స్థూలుడికి అపతర్పణం. ఈ విభజనను చూపి ‘మొదటి రకం మధుమేహాన్ని మనవాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే కనిపెట్టారు’ అనడం తరచుగా వినిపించే మాట. అది చరిత్రను దాటి పోయే మాట. ‘సహజం’ అనే సంజ్ఞ బీజదోషాన్ని చెబుతుంది. నేటి వైద్యం చెప్పే స్వయంప్రతిరక్షక వ్యాధి అందులో ఇమడదు. అయినా ఇద్దరు రోగుల శరీరాలు ఒకటి కావనీ, ఒకే పథ్యం ఇద్దరికీ పనికిరాదనీ గ్రహించిన పరిశీలన అక్కడ ఉంది. నేటి వాడుకమాటలో పోయింది సరిగ్గా ఆ పరిశీలనే.

సంస్కృత పదం జనంలో నిలబడకపోవడానికి ఒక కారణం తెలుగు వాడుకలోనే ఉంది. ‘మేహం’ అనే మాట తెలుగు నాట క్రమంగా సుఖవ్యాధుల వైపు, ఒంటి వేడి వైపు జరిగింది. ‘మేహవ్యాధి’, ‘మేహశాంతి’ అనే మాటల చుట్టూ గుసగుస ఉంది. గోడల మీది నాటుమందుల ప్రకటనలు ఆ గుసగుసను మరింత పెంచాయి. ఒక బాలికకు ‘మేహం’ అని చెప్పుకోగల కుటుంబం ఉండదు. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ కనుక దవాఖానల్లో ‘జియాబెటిస్’ అనే మాట ఉండేది. దవాఖాన, బీమారి అనే మాటలు తెలంగాణ తెలుగులో ఇంకిపోయినట్లు జియాబెటిస్ ఇంకలేదు. ఆ ఖాళీలోకి ‘షుగర్’ వచ్చింది. దానికి నింద అంటలేదు, కులం అంటలేదు, నోరు తిరగకపోవడమనే ఇబ్బందీ లేదు. ఆ మాట చేసిన మేలు ఇంత. చేసిన కీడు ఏమిటంటే, అది పెద్దల వ్యాధికే అచ్చుపడిపోయింది. ‘షుగర్’ అనగానే తీపి, అన్నం, పొట్ట, వయసు, టెన్షన్ గుర్తుకు వస్తాయి. పిల్లకు షుగర్ అంటే ‘చాక్లెట్లు ఎక్కువ పెట్టిన్రా?’ అన్న ప్రశ్న తల్లికి ఎదురవుతుంది. మొదటి రకం మధుమేహానికి చాక్లెట్లతో సంబంధం లేదు. తల్లి తప్పు ఏమీ లేని చోట తల్లిని తప్పుపట్టే ప్రశ్న ఆ మాటలోంచే పుడుతుంది.

శాస్త్రీయ నామం కూడా ఈ చిక్కును విప్పలేదు. ‘టైప్ వన్’ అనేది వినేవారి చెవికి ‘మొదటి దశ’గా వినపడుతుంది. మొదటి దశ అంటే తేలిక, ముదరనిది. ‘మొదటి రకం’ అని తెనిగిస్తే మరో చిక్కు: బొగ్గుకు జీ-1 నుంచి జీ-17 దాకా శ్రేణులు కట్టే చోట మొదటి రకం అంటే మేలిరకం.

టొరంటో నుంచి బొగ్గుల పొయ్యి దాకా

ఈ వ్యాధి ఆధునిక చరిత్ర, సింగరేణి చరిత్ర కొన్ని తేదీల దగ్గర పక్కపక్కన నడుస్తాయి. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించింది 1871లో. అంతకు రెండేళ్ల ముందు, 1869లో, బెర్లిన్ విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమగ్రంథిలో ప్రత్యేకమైన కణదీవులను వర్ణించాడు. అవి ఏం చేస్తాయో అతడికి తెలియదు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లందులో బొగ్గు తీయడం మొదలుపెట్టిన 1889లోనే, స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు కుక్కకు క్లోమగ్రంథి తీసేస్తే మధుమేహం వస్తుందని చూపారు. కంపెనీ ‘సింగరేణి కాలరీస్’గా నమోదయింది 1920 డిసెంబర్ 23న, మరుసటి ఏడాదే టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ ప్రయోగాలు చేశారు. ఈ జతల మధ్య కార్యకారణ సంబంధం ఏదీ లేదు. గని, ఇన్సులిన్ రెండూ ఒకే పారిశ్రామిక యుగపు బిడ్డలని గుర్తు చేయడం వరకే వీటి ఉపయోగం.

1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటి ఇంజక్షన్ ఇచ్చారు. మందులోని కల్మషాల వల్ల అది సరిగా పనిచేయలేదు. కొలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త శుద్ధిచేసిన ద్రవాన్ని జనవరి 23న మళ్లీ ఇస్తే బాలుడు కోలుకున్నాడు. అంతకు ముందు ఇటువంటి పిల్లలకు ఉన్న చికిత్స ఉపవాసమే. అన్నం తగ్గించి, తగ్గించి, ఎముకల గూడుగా కొన్ని నెలలు అదనంగా బతికించడం అందులోని పరమావధి. ఇన్సులిన్ హక్కులను దాన్ని కనిపెట్టినవారు టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చివేశారు. థామ్సన్ 1935 దాకా జీవించాడు.

మధుమేహం ఒకటి కాదు రెండు అన్న నిర్ణయం ఆధునిక వైద్యంలో కూడా మెల్లగానే కుదిరింది. ఫ్రెంచి వైద్యుడు లాన్సెరో 1880 ప్రాంతంలో ‘బక్క మధుమేహం’, ‘బొద్దు మధుమేహం’ అని విడదీశాడు. సుశ్రుతుడి కృశ, స్థూల విభజన ఇక్కడ గుర్తుకు రావడం సహజం. 1936లో హిమ్స్‌వర్త్ ఇన్సులిన్‌కు స్పందించే రోగులనూ స్పందించని రోగులనూ ప్రయోగపూర్వకంగా వేరు చేశాడు. 1974లో రోగుల రక్తంలో క్లోమదీవుల మీదికి వెళ్లే ప్రతిరక్షకాలు బయటపడ్డాయి. ఒకటి, రెండు అనే నేటి అంకెలు స్థిరపడింది 1997లో. అంటే రామగుండం ప్రాంతంలో 1960 దశకం ఆరంభంలో గనులు తెరుచుకుని, ఊళ్ల నుంచి వచ్చినవారు గుడిసెలేసి గోదావరిఖనిని నిలబెట్టిన నాటికి, ఆ బస్తీలోని వైద్యుడి చేతిలో ఇన్సులిన్ ఉండవచ్చు గాని వ్యాధికి నేటి వివరణ లేదు.

ఆ తరం చికిత్స ఇంట్లో ఎట్లా ఉండేదో ఊహించుకోవాలంటే ఆనాటి సాధనాలను చూడాలి. ఇన్సులిన్ పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచి తీసేది. జన్యుసాంకేతికతతో తయారైన మానవ ఇన్సులిన్ 1982లో గాని బజారుకు రాలేదు. గాజు సిరంజిని, లావు సూదిని నీళ్లలో వేసి మరగబెట్టాలి. బొగ్గుల పొయ్యి మీద చాయగిన్నె పక్కన సూది గిన్నె. చక్కెర ఎంత ఉందో తెలియాలంటే పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి వేడిచేయాలి. నీలం అట్లాగే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపుకు వచ్చిందంటే చాలా ఉంది. ఆ రంగు కూడా చెప్పేది కొన్ని గంటల కిందటి సంగతినే. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సంగతి అది చెప్పనే చెప్పదు. అక్షరాలు రాని ఇంట్లో కూడా రంగులు చదవగలరు గనుక ఆ పరీక్ష జనానికి దగ్గరగా ఉండేది. నేటి గ్లూకోమీటరు అంకెలకు ఆ సౌలభ్యం లేదు.

గని వైద్యం ఎవరిని చూసింది

బొగ్గుగని వైద్య వ్యవస్థ కార్మికుడి శరీరం చుట్టూ నిర్మితమైంది. 1952 గనుల చట్టం, 1955 నియమావళి ప్రకారం ఉద్యోగంలో చేరేముందు ఒక వైద్య పరీక్ష, ఆ తరువాత ఐదేళ్లకు మించకుండా నియమిత పరీక్షలు ఉంటాయి. ఆ పరీక్షాపత్రంలో ఊపిరితిత్తులు, చూపు, వినికిడి, కీళ్లతో పాటు మూత్రంలో చక్కెరకు కూడా ఒక గడి ఉంది. గని భాషలో దాని ఫలితం రెండే మాటలు: ఫిట్, అన్‌ఫిట్. పద్దెనిమిదేళ్లు నిండనివాడు గనిలో దిగరాదు. కాబట్టి ఈ చూపుకు చిక్కే మధుమేహం అత్యధికంగా నడివయసు కార్మికుడిది, అంటే రెండో రకానిది. మొదటి రకం సాధారణంగా బయటపడేది బాల్యంలో, కౌమారంలో. ఆ పిల్లలు కంపెనీ ఆసుపత్రికి వచ్చేది కార్మికులుగా కాదు, ‘ఆశ్రితులు’గా. తండ్రి గుర్తింపు కార్డు మీద వారి వైద్యం ఆధారపడి ఉంటుంది. వృత్తివ్యాధుల చరిత్రలో వారికి చోటు లేదు. వారి వ్యాధి బొగ్గు వల్ల వచ్చింది కాదు గనుక పోరాట చరిత్రలోనూ చోటు లేదు.

సింగరేణి జీవితాన్ని కథగా, నవలగా మలచిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి, అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల సాహిత్యంలో శరీరం ప్రధానంగా ప్రమాదానికి, పనిభారానికి, సారాకు, సమ్మెకు ఎదురునిలిచిన శరీరం. పైకప్పు కూలడం అందులో సంఘటన అవుతుంది. పదిహేనేళ్ల పాటు కంటిపొర మెల్లగా చెడిపోవడం సంఘటన కాదు. ఇది ఆ రచయితల లోపంగా చెప్పదగింది కాదు. ఉద్యమకాలపు కథనరూపానికి కావలసిన వేగం ఈ వ్యాధికి లేదు. అయితే బొగ్గుబాయి మీద కొత్తగా రాయబోయే కథకు ఇక్కడ వస్తువు ఉందన్నది వేరే సంగతి.

మరో భేదం కంపెనీ లోపలే ఉంది. 1990 దశకం ఆరంభంలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల పరిధికి తగ్గింది. అదే కాలంలో ఓపెన్‌కాస్టులు, ఒప్పంద పనులు పెరిగాయి. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం కిందికి వచ్చే కార్మికుడి పిల్లలకు ఉన్న వైద్య హక్కు, అదే బొగ్గును లారీకి ఎత్తించే ఒప్పంద కార్మికుడి పిల్లలకు ఆ మేరకు లేదు. రెండో రకం రోగికి ఇది ఖర్చుల ప్రశ్న. మొదటి రకం బిడ్డకు వారం రోజుల ఇన్సులిన్ తెగితే ప్రాణం ప్రశ్న.

గుర్తించలేని లక్షణాలు, నమ్మించే విరామం

మొదటి రకం మధుమేహం ఇంట్లోకి వచ్చే తీరు నిర్దిష్టమైనది. పిల్లలు మాటిమాటికి నీళ్లు తాగుతారు, రాత్రి పక్క తడుపుతారు, బాగా తింటూనే బరువు తగ్గుతారు. గోదావరిఖనిలో ఇవి ఎండాకాలం మొదలయితే దప్పికను ఎవరూ వింతగా చూడరు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం రామగుండానికి కొత్త కాదు. తరువాత కడుపునొప్పి, వాంతులు, దీర్ఘమైన ఎగశ్వాస, నోటి నుంచి మగ్గిన పండు వాసన. ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకోగా ఏర్పడిన ఆమ్లాలు రక్తంలో చేరిన స్థితి ఇది. దీన్ని కడుపు జబ్బుగానో, గాలి సోకిందనో తలచి రెండు రోజులు పోగొట్టుకుంటే ఆ రెండు రోజులే ప్రాణాంతకం. అప్పుడు ఒక్క చుక్క రక్తం పరీక్షిస్తే నిమిషంలో తేలిపోతుంది. అనుమానం రావడమే కష్టం. ‘షుగర్ పెద్దోళ్లకు గదా’ అన్న నమ్మకం ఆ అనుమానాన్ని రానివ్వదు.

చికిత్స మొదలయ్యాక మరో మలుపు ఉంది. ఇన్సులిన్ అందగానే మిగిలి ఉన్న బీటా కణాలు కొంత కోలుకుంటాయి. కొన్ని వారాలు, కొన్ని నెలలు ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని ‘హనీమూన్’ దశ అంటారు. పసరుమందు, ఆకుచూర్ణం, మొక్కు ఏది చేసినా ఫలించినట్లు కనిపించేది ఈ విరామంలోనే. ‘ఫలానా ఊళ్లో మందు తాగితే పిల్లకు షుగర్ పోయింది’ అనే కథనాలను మూఢనమ్మకమని తోసిపుచ్చడం తేలిక. కాని కథ చెప్పిన మనిషి అబద్ధం చెప్పడం లేదు. మీటరులో అంకె నిజంగానే తగ్గింది. తగ్గిన కారణం మాత్రం పసరు కాదు. విరామం ముగియగానే అంకె మళ్లీ పైకి లేస్తుంది; ఆసరికి సూది మానేసి ఉంటే బిడ్డ అత్యవసర విభాగానికి చేరుతుంది. నాటువైద్యపు మౌఖిక కథనాలను సేకరించే పరిశోధకులు ఆ ‘నయమైన’ కాలం ఎన్ని నెలలో అడిగి నమోదు చేయడం అవసరం. కథ అక్కడ తెగిపోతుంది గనుక తరువాతి భాగం సాధారణంగా సేకరణలోకి రాదు.

ఇన్సులిన్ మీద ఉన్న భయం కూడా రెండో రకం వ్యాధి నుంచి అరువు తెచ్చుకున్నదే. పెద్దల వ్యాధిలో మాత్రలు పనిచేయని స్థితిలో ఇన్సులిన్ వస్తుంది. అందువల్ల ‘సూది దాకా వచ్చిందంటే ఇక ఆఖరు’ అన్న భావన బలపడింది. మొదటి రకంలో సూది ఆఖరు కాదు, ఆరంభం.

ఎండ మరో అడ్డంకి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా ఓ మోస్తరు గది ఉష్ణోగ్రతలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. రేకుల కప్పు కింద మే నెల గది ఆ లెక్కకు లొంగదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో కుండలో కుండ పెట్టి మధ్య తడి ఇసుక నింపి, లోపలి కుండలో సీసా ఉంచే పద్ధతి దేశంలో పలుచోట్ల ఉంది. బయటికన్నా అనేక డిగ్రీల చల్లదనం దానిలో ఉంటుందని పరీక్షల్లో తేలింది. కుమ్మరి కుండ ఆధునిక ఔషధాన్ని కాపాడటం చిన్న విషయం కాదు.

బతికినవారి వ్యాధి

దీర్ఘకాలిక దుష్ఫలితాలు ఇన్సులిన్ తరువాతి చరిత్రకు చెందినవి. 1922కు ముందు ఈ పిల్లలు ఒకటి రెండేళ్లలో మరణించేవారు గనుక వారి కళ్లు, మూత్రపిండాలు, నరాలు చెడిపోయేదాకా బతుకు సాగలేదు. బతకడం మొదలయ్యాకే ఆ నష్టాలు కనిపించాయి. ఏళ్ల తరబడి అధికంగా ఉన్న చక్కెర సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది: కంటిపొరలో రక్తస్రావం, మూత్రంలో ఆల్బుమిన్, చివరికి డయాలిసిస్, అరికాళ్లలో స్పర్శ పోవడం, మానని పుండు. పెద్ద నాళాలు దెబ్బతింటే గుండెపోటు, పక్షవాతం.

ఇవి తప్పనివా అన్న ప్రశ్నకు సమాధానం 1993లో వచ్చింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది మొదటి రకం రోగులతో 1983 నుంచి సాగిన పరిశోధనలో, చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో ఉంచినవారికి సాధారణ చికిత్స పొందినవారితో పోలిస్తే కంటిపొర వ్యాధి ముప్పు 76 శాతం, నరాల వ్యాధి ముప్పు 60 శాతం తగ్గింది. పరిశోధన ముగిసి రెండు వర్గాల చికిత్స ఒకే తీరుకు వచ్చాక కూడా తొలి సంవత్సరాల అదుపు ఫలితం ఏళ్ల తరబడి నిలిచింది. గుండె, రక్తనాళాల ప్రమాదాలు 42 శాతం తక్కువ. బాల్యంలో జాగ్రత్త నడివయసులో కళ్లను కాపాడుతుందన్నమాట. అయితే ఆ కట్టుదిట్టానికి ధర ఉంది: తీవ్రంగా చక్కెర పడిపోయే ప్రమాదం ఆ వర్గంలో సుమారు మూడింతలయింది. రోజుకు పలుమార్లు సూది, పలుమార్లు పరీక్ష, వేళకు తిండి కావాలి. మూడు షిఫ్టుల ఇంట్లో వేళ అనేది వారానికోసారి మారుతుంది. తండ్రి రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకునే వేళకు బిడ్డ బడికి పోవాలి; వంట ఎవరి వేళకు అన్నది తల్లి తేల్చుకోవలసిన లెక్క.

2021 నాటి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా ప్రకారం ఇరవై ఏళ్లలోపు మొదటి రకం రోగులు అత్యధికంగా ఉన్న దేశం భారతదేశం. సంఖ్య సుమారు 2.29 లక్షలు. భారత వైద్య పరిశోధన మండలి ఈ వ్యాధికి ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది 2022 జూన్‌లో. దేశంలో మధుమేహుల మొత్తం సంఖ్య 10 కోట్లు దాటిందని అదే మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఆ పది కోట్ల నీడలో ఈ రెండు లక్షలు కనిపించకపోవడం ‘షుగర్’ అనే మాట చేసిన పనికి గణాంకరూపం.

ఫిట్, అన్‌ఫిట్

గని సమాజంలో ఈ వ్యాధి చివరికి చేరేది ఉద్యోగం దగ్గరికి. కార్మికుడు మరణించినా, శాశ్వతంగా పనికి అనర్హుడైనా ఆశ్రితుల్లో ఒకరికి ఉద్యోగం అనే నియమం బొగ్గు వేతన ఒప్పందంలో ఉంది. సింగరేణి కుటుంబాల్లో రెండు మూడు తరాల బతుకు దాని చుట్టూ అల్లుకుంది. ఇక్కడ మధుమేహం ఒకే ఇంట్లో రెండు ముఖాలు చూపుతుంది. తండ్రి మూత్రపిండాలు చెడిపోతే ఆ నష్టం అనర్హత విచారణలో పరిగణనకు వస్తుంది. కొడుకుది మొదటి రకమైతే ఉద్యోగానికి ముందు పరీక్షలో అతడి సీసా, సూది ప్రశ్నగా మారతాయి. ప్రశ్న నిరాధారమైనదీ కాదు: భూగర్భంలో, అన్నం డబ్బాకు దూరంగా ఉన్న చోట చక్కెర పడిపోతే ఆ మనిషికీ, పక్కవాడికీ ప్రమాదమే. ముట్టెతడి నీళ్లలో గంబూట్లతో నిలబడే పనిలో స్పర్శ తగ్గిన అరికాలు దెబ్బను చెప్పదు. కాని గనికి సర్వే కార్యాలయం ఉంది, స్టోర్లు ఉన్నాయి, వర్క్‌షాపు ఉంది. ఫిట్, అన్‌ఫిట్ అనే రెండు మాటల్లో ఈ తేడాలకు చోటు చాలదు. చోటు చాలని చోట కుటుంబాలు వ్యాధిని దాస్తాయి. దాచిన వ్యాధికి మధ్యాహ్నపు సూది పడదు. ఆడపిల్ల విషయంలో ఇదే దాపరికం పెళ్లి పేరుతో జరుగుతుంది.

చట్టం కూడా ఈ తర్కాన్నే అనుసరించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధి వంటి రక్తవ్యాధులు అందులో ఉన్నాయి. మొదటి రకం మధుమేహం లేదు. ఆ వ్యాధి వల్ల చూపు పోయినవాడు మాత్రం అంధుడిగా ఆ జాబితాలోకి వస్తాడు. ముప్పై ఏళ్ల పాటు కంటిని కాపాడుకున్నవాడికి గుర్తింపు లేదు, పోగొట్టుకున్నవాడికి ఉంది.

2022లో రామగుండంలో సింగరేణి నిధుల తోడ్పాటుతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. అంతకు ముందు తీవ్రస్థితిలో ఉన్న బిడ్డను కరీంనగర్‌కో, రెండు వందల కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదుకో తరలించడమే దారి. ఆ కళాశాల బయటి రోగుల చీటీ మీద వైద్యుడు ‘టైప్ వన్’ అని రాస్తాడు. చీటీ పట్టుకుని బయటికి వచ్చిన తల్లిని వరండాలో ఎవరైనా అడిగితే ఆమె చెప్పేది ‘షుగరట’ అనే.